గ్రానైటు కింద పూడ్చిన వాల్వు

మొన్న మా వీధి చివర కొత్తగా కట్టిన ఇంటికి నన్ను పిలిచారు. పని చెయ్యడానికి కాదు, పెద్దవాణ్ణి కదా, చూసి బాగుందని ఒక మాట అంటానని. బాత్రూములో నిలువెత్తు అద్దం, వాన పడినట్టు పడే షవరు, గోడల నిండా నెమలికంఠం రంగు టైల్సు. అంతా చూసి, "మెయిన్ వాల్వు ఎక్కడ పెట్టావయ్యా?" అని ప్లంబరును అడిగాను. అతనికి ముప్పై అయిదేళ్ళుంటాయి, పనిమంతుడే. నవ్వుతూ గోడ మీద వేళ్ళతో తట్టి చూపించాడు. "దీని ఎనకాల ఉంది మామా. బయటికి కనపడితే ఓనరుకి నచ్చదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇచ్చిన కాఫీ తాగకుండానే వచ్చేశాను. ఇంటికొచ్చి మా ఆవిడ మీద కసురుకున్నాను, ఆమెకేం సంబంధం లేకపోయినా.

ఆ కోపంలోనే ఇది రాస్తున్నాను. నా పేరు మస్తాన్. మాచర్ల నుంచి ఎంతో దూరం లేని ఒక చిన్న ఊళ్ళో నలభై ఏళ్ళు ప్లంబింగ్ పని చేసి, మోకాళ్ళు మొరాయిస్తే నిరుడు మానేశాను. ఊరి పేరు రాయను. ఇందులో చాలామంది తప్పులున్నాయి, అందరికన్నా పెద్ద తప్పు నాది. ఒకప్పుడు నేనూ ఒక వాల్వును అందం కోసం పూడ్చిపెట్టాను. దాని మూలంగా మరియమ్మ అనే ఆమె కుళాయీ, వంటపనీ, మంచిపేరూ గంగలో కలిశాయి. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు ఆ సంగతి తెలుసుకుని తీరాలి.

రెండు రకాల నీళ్ళు

మా దగ్గర ప్రతి ఇంట్లో రెండు రకాల నీళ్ళుంటాయి. రోజు విడిచి రోజు గంటసేపు కుళాయిలో వచ్చే నాగార్జున సాగరు నీళ్ళు తాగడానికీ వంటకీ. మిగతా అన్నిటికీ బోరు నీళ్ళు. మా నేల కింద ఎక్కడ తవ్వినా సున్నపురాయే కాబట్టి ఆ బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. స్టీలు గ్లాసులో కాసిని పోసి ఎండలో పెడితే, ఆరిపోయాక అడుగున తెల్లటి మరక మిగులుతుంది. ఆ మరకే ఏళ్ళు గడిచేసరికి పైపు లోపల పెంకు కడుతుంది. కంపెనీవాళ్ళ రంగుల పుస్తకంలో ఉండే వాల్వు వేరు, మా నీళ్ళలో నాలుగేళ్ళు నానిన వాల్వు వేరు. ఈ ఒక్క ముక్క తెలియకుండా పల్నాడులో రెంచీ పట్టుకునేవాణ్ణి నేను ప్లంబరు అనను.

నాకు పని నేర్పింది ఖాసిం మేస్త్రి. ఇనుప పైపులకు చేత్తో మరలు కోసే రోజుల మనిషి. నోరు చెడ్డది, చెయ్యి మంచిది. పనిలో చేరిన కొత్తల్లో ఒకసారి నేను ఒక ఇంట్లో వాల్వు బిగించి, ఇంటివాళ్ళకు ఏమీ చెప్పకుండా సామాను సర్దుకుని వచ్చేశాను. ఆయన నన్ను మళ్ళీ ఆ ఇంటికి నడిపించుకుని వెళ్ళాడు, నడిఎండలో. ఇంటామెను పిలిచి ఆమె చేత వాల్వు మూడుసార్లు మూయించి, మూడుసార్లు తెరిపించాడు. తర్వాత ఆమె ముందే నన్ను కడిగేశాడు.

"ఒరేయ్ మస్తానూ, వాల్వు అనేది ఇంట్లోవాళ్ళ చేతికి అందాల, కంటికి కనపడాల. లేకపోతే అది వాల్వు కాదురా, పైపుకి అతికిన ఇనపముక్క."

ఇంకో మాట కూడా ఆయన పదేపదే చెప్పేవాడు. "సాగరు నీళ్ళకీ బోరు నీళ్ళకీ పెళ్ళి చెయ్యమాక. ఎన్ని వాల్వులు పెట్టినా సరే, ఆ రెండిటినీ కలపమాక. మజ్జెలో బెత్తెడు గాలి ఉండాల." అంటే, ట్యాంకులోకి వచ్చే సాగరు నీళ్ళ పైపు చివర నీటిమట్టానికి బెత్తెడు పైన ఆగిపోవాలి. నీళ్ళు గాలిలోంచి కిందకు పడాలి. పడిన నీళ్ళు ఎగిరి మళ్ళీ పైపులోకి పోలేవు కదా. ఖర్చులేని వాల్వు అది. అరగదు, తుప్పు పట్టదు, పెంకు కట్టదు. నేను తలూపాను. తలూపడం తేలికే.

దుకాణంలో నిలబడి

ఏ వాల్వు మంచిది అని నన్ను అడిగేవాళ్ళంతా దుకాణంలో నిలబడే అడుగుతారు. ఎక్కడ పెడుతున్నావు, ఏ నీళ్ళు, ఎవరు తిప్పుతారు అని నేను ఎదురు అడిగితే విసుక్కుంటారు. ఆ మూడూ తెలియకుండా వాల్వు కొనడం అంటే మనిషిని చూడకుండా చెప్పులు కొనడమే.

చక్రం తిప్పే గేటు వాల్వు మంచి నీళ్ళలో పదేళ్ళు పనిచేస్తుంది. మా బోరు నీళ్ళలో దాని అడుగు గాడిలో ఇసకా సున్నమూ కూర్చుంటాయి. నాలుగేళ్ళ తర్వాత అవసరం పడి మూయబోతే సగంలో ఆగిపోతుంది. అప్పుడు ఇంటాయన రెండు చేతులతో బలం పెడతాడు, లోపలి కడ్డీ విరిగి చక్రం ఊరికే తిరుగుతుంది, ఆయన నాకు ఫోన్ చేసి తిడతాడు. అక్కడ పిడి ఉన్న బాల్ వాల్వు పెట్టండి. పిడి పైపు వెంట ఉంటే తెరిచినట్టు, పైపుకు అడ్డంగా ఉంటే మూసినట్టు. చదువు రాని మనిషికి కూడా దూరం నుంచే తెలుస్తుంది. అయితే దాన్ని సగం తెరిచి ధార తగ్గించుకోవడానికి వాడొద్దు, లోపలి అంచు అరిగిపోతుంది. దబాలున మూయొద్దు, పైపులు అదిరి జాయింట్లు వదులవుతాయి. నెలకొకసారి మూసి తెరవండి. ఇంతే. ఈ నెలకొకసారి అన్నమాట విన్న ఇంటివాళ్ళను నా జన్మలో అయిదుగురిని చూసి ఉంటాను.

ఇత్తడి అని చెప్పి జింకు ముక్కకు పసుపు పూత పూసి అమ్మేవాళ్ళ మీద నాకున్న కోపం రాస్తే ఈ కాగితాలు చాలవు. చేతిలో పెట్టుకుని బరువు చూడండి. మర లోపల ఆకురాయితో గీసి చూడండి. గీత బూడిద రంగులో కనిపిస్తే అక్కడే పారేసి రండి.

ఇక గీజరు. దానికుండే సేఫ్టీ వాల్వు నీళ్ళు వేడెక్కినప్పుడు ఒకటో రెండో చుక్కలు వదులుతుంది. వదలాలి, దాని పనే అది. బాత్రూము తడవకూడదని దాని మూతికి ప్లగ్గు బిగించి వెళ్ళిన ప్లంబర్లను నేను ముగ్గురిని పట్టుకున్నాను. "ఆ ఇంట్లోవాళ్ళ మీద నీకేం పగ?" అని అడిగాను. ఒకడు నవ్వాడు. వాడితో మళ్ళీ మాట్లాడలేదు.

చివరిది నాన్ రిటర్న్ వాల్వు. లోపల ఒక రెక్క ఉంటుంది. నీళ్ళు ముందుకు వస్తే తెరుచుకుంటుంది, వెనక్కి రాబోతే మూసుకుంటుంది. ఒంటి మీద బాణం గుర్తు ఉంటుంది, నీళ్ళు పోయే వైపు ఆ బాణం చూపాలి. చాలా మంచి వాల్వు. నా పరువు తీసింది అదే.

సాంబశివరావు గారి ఇల్లు

సాంబశివరావు గారు మిర్చి కమీషన్ వ్యాపారి. మా వీధికి ఎగువన ఇల్లు కట్టారు. మాట మంచిది, పనివాళ్ళకు మజ్జిగ ఇప్పించే మనిషి. కాకపోతే ఇంటి ముఖం అంటే ఆయనకు పిచ్చి. సాగరు నీళ్ళకు ఒక పైపు, బోరు నీళ్ళకు ఒక పైపు డాబా మీదకు ఎక్కించాలని నేను గీసి చూపించాను.

"ముందు గోడ మీద రెండు పైపులేంది మస్తానూ, ఆస్పత్రి మంచంలాగా! కింద కలిపేసి ఒకటే పైకి ఎక్కించు" అన్నారు.

నాకు ఖాసిం మేస్త్రి మాట గుర్తొచ్చింది. గుర్తొచ్చినా, అప్పటికి నేను ఊళ్ళో పేరున్న ప్లంబర్ని. మస్తాన్ పని అంటే చుక్క కారదు అనేవాళ్ళు. ఆ పొగరులో, నాకు తెలియని వాల్వా అనుకున్నాను. గేటు పక్కన గుంట కట్టించి, రెండు పైపులూ కలిపి, ఒక్కోదానికి చేతి వాల్వు, కుళాయి పైపుకు అదనంగా నాన్ రిటర్న్ వాల్వు పెట్టాను. "మీరు చేతి వాల్వు మూయడం మర్చిపోయినా ఇది చూసుకుంటుందండీ. బోరు నీళ్ళు వీధి లైన్లోకి పొమ్మన్నా పోవు" అని గొప్పగా చెప్పాను. బాణం సరిగ్గానే పెట్టాను. అందులో తప్పు లేదు.

గృహప్రవేశానికి నాలుగు రోజుల ముందు గేటు దగ్గర నల్ల గ్రానైటు పరుస్తున్నారు. గుంట మీద మూత పెడదామన్నాను.

"మూత పెడితే మూత కనపడుద్ది గదా!" అన్నారాయన.

"కనపడాలండీ. రేపు చూసుకోవాలంటే..."

"కొత్త వాల్వు గదయ్యా. నువ్వేగా అదే చూసుకుంటుందన్నావ్?"

నా మాటే నాకు అడ్డం వచ్చింది. చేతి వాల్వులు రెండూ తెరిచి ఉంచి, సరేనన్నాను. నా కళ్ళ ముందే పలక పరిచి, సందుల్లో సిమెంటు పూసి, పాలిష్ పట్టారు. గృహప్రవేశంలో నాకు కొత్త బట్టలు పెట్టారు. అవి కట్టుకుని ఆ పలక మీద నిలబడి ఫోటో కూడా దిగాను.

మరియమ్మ కుళాయి

మా వీధి దిగువకు వాలి ఉంటుంది. అన్నిటికన్నా దిగువన చివరి కుళాయి మరియమ్మది. బళ్ళో పిల్లలకు మధ్యాహ్నం భోజనం వండే పని ఆమెది. ఆమె వండిన సాంబారు కోసమే బడికి వచ్చే పిల్లలున్నారని పంతుళ్ళే నవ్వుతూ చెప్పేవాళ్ళు. చివర కాబట్టి నీళ్ళు సన్నగా వచ్చేవి. అందరిలాగే ఆమె కూడా కుళాయి దగ్గర మోకాలి లోతు గుంట తవ్వి, కిందకు దిగి బిందె పట్టుకునేది. గుంటలో కుళాయి మంచిది కాదు, కాదనను.

గృహప్రవేశం అయిన నాలుగో ఏడు వానాకాలంలో దిగువన నాలుగిళ్ళలో వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. మరియమ్మకు రెండు రోజులు సెలైన్ ఎక్కించారు. నీళ్ళ ఆఫీసు నుంచి ఫిట్టరు వచ్చాడు. వానకు ఆమె గుంట నిండి బురదగా ఉంది. అతను అది తప్ప వేరే ఏమీ చూడలేదు. "నీ గుంటలో మురుగే లైన్లోకి ఎక్కింది" అని ఆమె పైపు కోసి ప్లగ్గు కొట్టి వెళ్ళిపోయాడు. జబ్బు చేసిన మిగతా మూడిళ్ళవాళ్ళూ ఆమె మీద విరుచుకుపడ్డారు. ఆ మాట బడికి పాకింది. "ఇంట్లో నీళ్ళే శుభ్రంగా ఉంచుకోలేనామె మా పిల్లలకి ఏం వండుద్ది?" అని తల్లులు నిలదీస్తే, కొన్నాళ్ళు రావొద్దని హెడ్మాస్టరు ఆమెకు చెప్పాడు.

మరియమ్మ నాకు కబురు పెట్టింది. వెళితే అరుగు మీద కూర్చుని ఉంది, ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"మస్తానన్నా, గుంట పూడ్చి కుళాయి పైకి లేపి పెట్టు. అది చూసన్నా కనెక్షన్ ఇస్తారేమో. కనెక్షన్ వస్తే నా తప్పు లేదని బళ్ళో చెప్పుకోవచ్చు. ఈలోగా ఇంకొకళ్ళని పెట్టుకుంటే నా పొయ్యి నాకు రాదు."

కొలతలు చూస్తుంటే పక్కింటి కుళాయి సన్నగా కారుతూ కనిపించింది. ఆ రోజు సాగరు నీళ్ళు వదిలే రోజు కాదు. లైను ఎండిపోయి ఉండాలి. నేను ఆ నీళ్ళు ఒక స్టీలు గ్లాసులో పట్టి, నాలుక కొసకు తగిలించి ఉమ్మేశాను. ఉప్పగా ఉన్నాయి, వాసన వస్తున్నాయి. మిగతావి ఎండలో పెట్టాను. మేము గుంట పూడ్చేసరికి గ్లాసు అడుగున తెల్లగా మరక కట్టింది.

ఎవరి ఇంట్లోంచో బోరు నీళ్ళు వీధి లైన్లోకి వస్తున్నాయి. రెండు నీళ్ళూ కలిపిన ఇల్లు మా వీధిలో ఒక్కటే ఉంది. కలిపిన చేతులు నావే.

తొమ్మిది రోజులు

ఆ సాయంత్రమే సాంబశివరావు గారి దగ్గరకు వెళ్ళాను. ఆయన బోరుకూ సెప్టిక్ ట్యాంకుకూ పెద్ద ఎడం లేదు, వానలకు ఆ బోరు నీళ్ళు చెడిపోతాయి. మోటారుకు ఆటో స్టార్టరు ఉంది, కరెంటు రాగానే దానంతటదే ఆన్ అయి, వాల్వు పట్టకపోతే ఆ నీళ్ళను ఎండిన వీధి లైన్లోకి తోస్తుంది. వాళ్ళింట్లో తాగేది క్యాను నీళ్ళు కాబట్టి వాళ్ళకు ఏమీ కాలేదు. ఇదంతా వివరించి, పలక తీసి వాల్వు చూడాలన్నాను.

"ఆమె గుంటలో నీళ్ళు తాగి పడిపోతే మా గ్రానైటు పగలగొట్టాలా?" అన్నారు. అంతలోనే గొంతు తగ్గించారు. "చూడు మస్తానూ. అది వేసింది నువ్వు. బయటపడితే ఊళ్ళో నీకు పని ఎవడిస్తాడు? వానలు తగ్గితే అదే సర్దుకుంటుంది. కావాలంటే ఆటో స్టార్టరు తీసేయిస్తాలే."

ఆయన్ని తిట్టుకుంటూ ఇంటికొచ్చాను. కానీ నోరు మూసుకున్నాను. నిజం చెబుతున్నాను, నాకు మరియమ్మ కన్నా నా పేరు ముఖ్యమైంది. స్టార్టరు తీసేశారు కదా, ఇక ఎవరికీ జబ్బు చెయ్యదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆమె మీద పడిన మచ్చ సంగతి తలచుకోలేదు. తలచుకోకుండా ఉండటానికి వేరే ఊళ్ళో పని పెట్టుకున్నాను. ఇప్పుడు టైల్సు వెనక వాల్వు పెట్టినతన్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతున్నది అతని మీద కోపంతో మాత్రమే కాదు.

పదో రోజు పొద్దున పనికి పోతుంటే ఎదురుగా మరియమ్మ వస్తోంది. పై వీధి బోరింగు నుంచి రెండు బిందెలు మోసుకుని. ఇంకా నీరసం తగ్గలేదు, దారి మధ్యలో బిందెలు దించి రోడ్డు మీదే కూర్చుంది. నన్ను చూసి, "పనికా అన్నా?" అని పలకరించింది.

నేను బండి తిప్పి నేరుగా నీళ్ళ ఆఫీసుకు వెళ్ళాను. ఫిట్టరు ముందూ, బిల్లులు కట్టడానికి వచ్చినవాళ్ళ ముందూ చెప్పాను. "ఆ జాయింటు నేను వేసిందే. తప్పు మరియమ్మది కాదు. వచ్చి పలక పగలగొట్టండి."

మధ్యాహ్నానికి పగలగొట్టారు. సాంబశివరావు గారు నా మొహం చూడకుండా వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నారు. నాన్ రిటర్న్ వాల్వు నేనే విప్పాను. రెక్క నోరు తెరిచినట్టు నిలబడిపోయి ఉంది. దాని కీలు చుట్టూ సున్నం, టీ కాచీ కాచీ గట్టిపడిన గిన్నె అడుగులాగా. వేలితో నొక్కితే కదల్లేదు. బాణం మాత్రం సరైన వైపే చూపిస్తోంది. గుంట మీద మూత ఉండి, ఏడాదికి ఒకసారి విప్పి కడిగి ఉంటే ఆ వాల్వు ఇంకా పదేళ్ళు బతికేది. మేస్త్రి మాట విని కలపకుండా ఉంటే అసలు దాని అవసరమే ఉండేది కాదు. అక్కడికక్కడే ఆ జాయింటు కోసేసి, రెండు పైపులు విడివిడిగా, ముందు గోడ మీదే, అందరికీ కనపడేటట్టు ఎక్కించాను. సాగరు నీళ్ళకు వేరే ట్యాంకు పెట్టి, పైపు చివర నీటికి బెత్తెడు పైన ఆపాను.

మర్నాడు మరియమ్మకు కనెక్షన్ తిరిగి ఇచ్చారు. ఆమె కుళాయి బిగించడానికి నేనే వెళ్ళాను. పైపు మీద బాల్ వాల్వు ఎక్కడ పెట్టనని అడిగాను.

"నాకు కనపడేటట్టు పెట్టన్నా. నేను చూసుకుంటా" అంది.

పెట్టాను. ఆమె చేత మూడుసార్లు తిప్పించాను. మూడోసారి తిప్పాక, నా వైపు చూడకుండా, "ఆ ఇంటి సంగతి నీకెప్పుడు తెలిసిందన్నా?" అని అడిగింది. అబద్ధం ఆడబుద్ధి కాలేదు. గుంట పూడ్చిన రోజునే తెలిసిందనీ, తొమ్మిది రోజులు నోరెత్తలేదనీ చెప్పాను.

మరియమ్మ వాల్వు తెరిచి బిందె కింద పెట్టింది. బిందె సగం నిండాక వంగి దాన్ని ధార కిందకు సరిగ్గా జరిపింది.

"ఏడో రోజున బళ్ళో కొత్తామెను పెట్టుకున్నారన్నా" అంది.

అంతే. ఆ తర్వాత కూడా ఏమీ అనలేదు, ఇవాళ్టి దాకా అనలేదు. ఎదురుపడితే అలాగే పలకరిస్తుంది. ఆ రోజే నన్ను నాలుగు తిట్టి ఉంటే, నేను ఇది రాసేవాణ్ణి కాదేమో.